కుడి రెక్క

"నీ చెయ్యి సంగతి వదిలెయ్ మావా. దీని రెక్క సంగతి చూడు," అంటూ కామమ్మ గూడబాతు పిల్లను తెచ్చి మొగుడి ముందు దించింది. దాని కుడి రెక్కకు చీరపేలికతో కట్టు కట్టి ఉంది.

మునెయ్య మొహం చిట్లించాడు. నెలల కిందట పడవలో జారిపడి ఆయన కుడిభుజం విరిగింది. ఎముక అతికిందనీ, ఇక రోజూ చెయ్యి ఎత్తి దించకపోతే కండ కరిగిపోయి మళ్లీ వల విసరలేడనీ కట్లు కట్టే దరియావలి చెప్పాడు. ఒకసారి ఎత్తేసరికి ప్రాణం పోయినంత పనయింది. అంతే, పులికాటు నీళ్లవైపు చూడటమే మానేశాడు.

"యాడ దొరికింది మే?"

"వలలో చిక్కుకోనుండింది. రెక్క ఇరిగింది పాపం. కట్టు ముట్టుకోవాకు, పొడస్తాది."

మునెయ్య పక్షిపిల్ల రొమ్ము తడిమాడు. నడిమి ఎముకకు రెండు పక్కలా కండ బలంగా ఉంది.

"రెక్కను పైకెత్తేదీ, కిందికి లాగేదీ ఈ రొమ్ము కండే. ఆడించకపోతే కరిగిపోతాదే!"

"అయితే నువ్వే నేర్పు. చూసి చేస్తాది."

ఆయన ఎడమచెయ్యి ఊపాడు.

"అది గాదు మావా, ఇరిగింది కుడిది!"

మునెయ్య పళ్లు బిగించి కుడిచెయ్యి ఎత్తాడు. పిల్ల మెడ వంచి చూసిందే గాని కదల్లేదు. "ఎత్తు నాయనా, నా బంగారం గదా!" అని బతిమాలుతూ మళ్లీ ఎత్తాడు. పిల్లి భయమని చేపలగంపను కామమ్మ చూరుకు కట్టింది, మేత పెట్టాలన్నా ఆయనే రెండు చేతులూ ఎత్తి దించుకోవాలి. దారినపోయేవాళ్లు నవ్వితే, "నవ్వుకోండి, నా బిడ్డ ఎగరాల!" అనేవాడు.

రోజూ కట్టు మార్చడానికి మాత్రం కామమ్మ ఒక్కతే పిల్లను చంకనేసుకుని ఇసకదిబ్బ అవతలికి పోయేది. "నొప్పికి అరస్తాది, నువ్వు చూడలేవు," అనేది.

ఎండలు ముదిరాయి. పక్షులు గుంపులుగా వెళ్లిపోతున్నాయి. కామమ్మ కట్టు విప్పింది. మునెయ్య రెండు చేతులూ బారజాపి పైకెత్తాడు. పిల్ల నాలుగు గంతులేసి, రెక్కలు టపటపా కొట్టి, గాలిలోకి లేచింది.

"పోయింది మే! నా బిడ్డ ఎగిరిపోయింది!" కళ్లనీళ్లతో, కనుమరుగయ్యేదాకా చెయ్యి ఊపుతూనే ఉన్నాడు.

మర్నాడు నడుంలోతు నీళ్లలో నిలబడి వల విసిరాడు. అది నిండుగా విచ్చుకుని పడింది. ఒడ్డున చేపలు ఏరుతున్న కామమ్మను చూసి ఉన్నట్టుండి అడిగాడు.

"అవునే, నా ఎముక అతికేదానికి నెలలు పట్టిందే! దానిది అంత బిరీన ఎట్టా అతికింది?"

కామమ్మ తల ఎత్తకుండానే ముసిముసిగా నవ్వింది.

"ఇరిగుంటే గదా, మావా!"