గట్టు తగాదా

సుబ్బరావమ్మ బొమ్మ కార్డు తీసి మొగుడి మొహం ముందు పెట్టింది.

"ఇదేంటయ్యా? చెప్పు."

మిరపకాయ. నలభై ఏళ్లు పండించాడు బుల్లయ్య. దాని ఘాటు తెలుసు, కల్లంలో ఎర్రగా ఆరబోయడం తెలుసు. తాలు కాయ ఏదో కళ్లు మూసుకుని ఏరేస్తాడు. పేరు మాత్రం నాలుక దాకా వచ్చి జారిపోతోంది.

"అది... అది..." అన్నాడు. కార్డు విసిరికొట్టాడు.

పక్షవాతం వచ్చి నాలుగు నెలలు. "మాటలు ఎక్కడికీ పోలేదు బుల్లయ్యగారూ, మెదడులో అవి ఉన్న చోటికి దారి తెగింది. ఇంకో దారి వెతకాలి. మొదటి ఆర్నెల్లే ముఖ్యం," అన్నాడు మంగళగిరి డాక్టరు. వెతకడమంటే ఈ చంటిపిల్లల బొమ్మలా? బుల్లయ్యకు ఒళ్లు మండింది.

అది చాలదన్నట్టు తొమ్మిదింటికల్లా వీరబాబు దిగాడు. పక్క పొలం వాడు. గట్టు తగాదాతో ఇరవై ఏళ్లుగా ఇద్దరికీ మాటల్లేవు. అలాంటిది వారం నుంచి రోజూ వచ్చి అరుగు ముందు నిలబడి రెచ్చిపోతున్నాడు. ఈ మహాతల్లి గేటుకు గడియ పెట్టి చావదేం అని బుల్లయ్య పెళ్లాం మీద కూడా పళ్లు నూరాడు.

"ఏరా బుల్లయ్యా, నోరు పడిపోయిందంటగా? పీడా పోయింది. గట్టు ఇంకో రెండడుగులు జరుపుతున్నా. ఏం పీకుతావు?"

"సిగ్గులేదా నీకు?" అంటూ సుబ్బరావమ్మ చీపురు తీసింది. తీసిందే గానీ అడుగు కదపలేదు.

"అయినా నీకు పొలం దేనికిరా? నీ కాయంతా తాలేగా. మిర్చి యార్డులో కుక్క కూడా ముట్టదు."

బుల్లయ్యకు కోపం నషాళానికెక్కింది. మంచం కోడు పట్టుకుని లేచాడు.

"దొంగ... వెధవా. నా మిరపకాయ... తాలంటావురా?"

పేరు వచ్చిందని కూడా చూసుకోలేదు. చేతికందిన గ్లాసు విసిరాడు. వీరబాబు తప్పుకున్నాడు.

"ఇంకోసారి ఈ ఛాయలకొస్తే కాళ్లు విరగ్గొడతా," అని అరుస్తూ సుబ్బరావమ్మ వాణ్ణి గేటు బయటిదాకా తరిమింది.

గోడ చాటుకు రాగానే చీపురు దించి, కొంగుతో కళ్లు తుడుచుకుంటూ మెల్లగా అంది: "రేపు ఇంకాస్త గట్టిగా తిట్టన్నయ్యా, నీకు పుణ్యముంటది."