కంకర చప్పుడు

"మడత కుర్చీ ఎటు తిప్పి వేయించమంటావ్? కొండలవైపా, దారివైపా?" అంది ఫోన్లో థోరా.

"ఎటూ వద్దు. రావడం లేదని మొన్ననే చెప్పాగా" అన్నాడు ఒరెస్ట్.

"సరే, కొండలవైపే వేయిస్తాలే."

ఒరెస్ట్‌కి నవ్వూ కోపమూ కలిసే వచ్చాయి. కెనడాలో, అతనుండే సస్కాచెవాన్‌లో అప్పటికే రెండుసార్లు మంచు పడింది. వంటింటి బల్ల మీద టీ చల్లారిపోయింది. పంతొమ్మిది చలికాలాలు అతనూ భార్య నాదియా అమెరికాలో, అరిజోనా ఎడారిలోని కారవాన్ల కాలనీలో, చక్రాల మీది ఇంట్లోనే గడిపారు. పక్క చోటు థోరాది. ఆవిడా కెనడా మనిషే, ఇల్లు మంచు కురిసే మానిటోబాలో. అక్టోబరు రాగానే అందరికంటే ముందు అక్కడ వాలిపోవడం ఆవిడకి అలవాటు. జూన్‌లో నాదియా పోయింది. ఇద్దరూ కూర్చున్న చోట ఒక్కడే కూర్చోవడం తన వల్ల కాదనుకున్నాడు ఒరెస్ట్.

"పదిహేనో తేదీ గుర్తుందా?" అంది థోరా.

గుర్తులేకేం! కాలనీలో ప్రతి చోటు ముందూ పేరు రాసిన రాయి ఒకటి ఉంటుంది. వసంతంలో ఇళ్లకి వెళ్లేటప్పుడు దాన్ని బోర్లించి పోతారు. మళ్లీ రాగానే ఎవరి రాయి వాళ్లే తిప్పుకోవాలి. నవంబరు పదిహేనుకి ఇంకా బోర్లానే ఉందంటే ఆ చోటు వేరేవాళ్లకి పోయినట్టే.

"పోతే పోనీ" అన్నాడు.

"పోనీ. నాదియా వేసిన నిమ్మచెట్టు ఎవడి పాలవుతుందో నాకెందుకు? కొత్తగా వచ్చేవాడు కొట్టేసి అక్కడ బండి పెట్టుకుంటాడు కాబోలు."

ఒరెస్ట్ చల్లారిన టీ కప్పు పక్కకి జరిపాడు. ఫోన్ అవతల నుంచి గర్ర్ గర్ర్‌మని గీకుడు వినిపించింది.

"ఏంటా చప్పుడు?"

ఆవిడ ఒక్క క్షణం ఆగింది. "కంకర. పొద్దున్నే మొదలెడతారుగా మనవాళ్లు."

ఒరెస్ట్ కళ్లు మూసుకున్నాడు. తెల్లారగానే అందరూ దంతెలు పట్టుకుని తమ చోట్లోని కంకర చదును చేసుకోవడం అక్కడ పూజ లాంటిది. 'మంచు తోడలేక ఇంత దూరం వచ్చి, ఇక్కడా గీకుడు మానరే!' అని నాదియా ఏటా ఒకసారైనా అనేది. ఆ చప్పుడు వింటూ పక్క మీద అటు తిరిగి ఇంకాసేపు పడుకునేది.

మర్నాడూ అదే వేళకి ఫోన్ మోగింది. ఆ మర్నాడూ మోగింది. పొద్దు వాలేటప్పుడు కొండలు వంకాయ రంగు తిరుగుతున్నాయని చెప్పింది థోరా. తేనెపిట్టలు వచ్చేశాయని చెప్పింది. ఒకరోజు, "నిన్న వాన కురిసింది. పొదల వాసన చూడాలి, ఒళ్లు తెలియదనుకో" అంది. మంచు పట్టిన కిటికీ ముందు కూర్చున్న ఒరెస్ట్‌కి నిజంగానే ఆ తడి వాసన తగిలింది. ఆవిడ చెబుతూంటే అతని వంటింట్లోకి మెల్లగా ఎండ వచ్చేది. ఫోన్ పెట్టేశాక కూడా కాసేపు ఉండేది.

"నీ తుంటి ఎలా ఉంది? వేసవిలో విరిగిందన్నావు" అని అడిగాడు ఒకసారి.

"అతుక్కుందిలే. కూర్చున్నంతసేపూ నేను రాణినే. ముందు నీ సంగతి చెప్పు. నువ్వు రాకపోతే పేకాటలో నా చేతిలో ఓడేదెవరు?"

ఆ సాయంత్రం ఒరెస్ట్ అటక మీది పెట్టె దించాడు.

నాలుగు రోజులు బండి తోలి, పద్నాలుగో తేదీ తెలతెలవారుతుండగా కాలనీ గేటు చేరాడు. కాపలా చూసే ఎలాదియో పరిగెత్తుకొచ్చాడు.

"వచ్చేశారా సార్! థోరా గారు నా ప్రాణం తోడేశారనుకోండి. కుర్చీ వేశావా, చెట్టుకి నీళ్లు పోశావా అని రోజూ ఇదే పాట."

"మొన్న వాన పడిందటగా?"

"వానా? మార్చి తర్వాత చుక్క రాలితే ఒట్టు."

ఒరెస్ట్ నవ్వుకున్నాడు. ఎడారి వాన ఒకరి వాకిట్లో కురిసి పక్కవాడికి మొహం చాటేస్తుంది. థోరా అదృష్టవంతురాలు.

కారవాన్ ముందు కంకర నున్నగా ఉంది. కుర్చీ ఒకటి కాదు, రెండు ఉన్నాయి. రెండూ కొండలవైపే. నిమ్మచెట్టు విరగకాసింది. ఒరెస్ట్ మోకాళ్ల మీద కూలబడి తన రాయి తిప్పాడు. నాదియా చేతిరాతలో ఇద్దరి పేర్లూ పైకొచ్చాయి. ఏడ్చాడు. ఏడ్చాక, వచ్చి మంచిపనే చేశాననిపించింది.

పక్కన థోరా కారవాన్ తెరలు వేసి ఉన్నాయి. ఆవిడ రాయి ఎక్కడుందో కూడా తెలియకుండా ఎండుటాకులు పేరుకున్నాయి. నా వాకిలి ఊడ్పించింది గానీ తనది చూసుకోలేదు, రానీ చెబుతా అనుకుంటూ కుర్చీలో కూర్చుని ఫోన్ చేశాడు.

"చేరావా?" అంది థోరా, మొదటి గంటకే ఎత్తి.

"చేరాను. రాయి కూడా తిప్పాను. ఎక్కడ తిరుగుతున్నావ్? కాఫీ పెడతా, రా."

"కొండలెలా ఉన్నాయి?"

"నీ కిటికీలోంచి చూసుకోరాదూ?"

"నువ్వు చెప్పు ఒరెస్టూ."

ఆ గొంతులో ఏదో ఉంది. ఒరెస్ట్ చెప్పాడు. ఎండ ముందు శిఖరాన్ని తాకి, మెల్లగా జారి, రాళ్ల మధ్య ముళ్లచెట్లని ఒక్కొక్కదాన్నీ లేపుతోందని చెప్పాడు. ఆవిడ ఊపిరి బిగబట్టి వింటోంది. వెనకాల గర్ర్ గర్ర్‌మని అదే గీకుడు.

అతను తలెత్తి చూశాడు. ఈ కొస నుంచి ఆ కొస దాకా వాకిళ్లన్నీ ఖాళీ. ఎవరి చేతిలోనూ దంతె లేదు. కాలనీ ఇంకా నిద్రలోనే ఉంది.

"థోరా, ఇక్కడెవరూ కంకర గీకడం లేదే?"

"అది కంకర కాదు ఒరెస్టూ, ఇక్కడ మా మానిటోబా ఇంటి ముందు మంచు."