ఇంటర్వ్యూ గదిలో సోనాయి భాష

చెవిలో అనువాద యంత్రం లేని మనిషి కనబడని రోజులవి. ఎవరు ఏ భాష మాట్లాడినా వినేవాళ్లకు సొంత భాషలోనే వినిపిస్తుంది కాబట్టి, భాషాశాస్త్రం చదివేవాళ్లు కరువయ్యారు. ఆ శాఖలో అధ్యాపక ఉద్యోగం ఏడాదికి ఒకటి పడితే గొప్ప. హైమవతి ఏడేళ్లుగా దరఖాస్తులు పెడుతోంది. పిలుపు రావడం ఇదే మొదటిసారి.

అరకు కొండల్లో, చెవి యంత్రాలకు కూడా తెలియని ఒక భాషను మాట్లాడే ఆఖరి మనిషి సోనాయి. ఆ ముసలామె ఇంట్లోనే ఉండి హైమవతి ఆ భాష నేర్చుకుంది. సోనాయి పోయి రెండేళ్లయింది. అప్పటినుంచి ఆ భాషలో మాట్లాడడానికి హైమవతికి ఎవరూ లేరు.

తిరుపతి విశ్వవిద్యాలయంలో ఇంటర్వ్యూ చేసింది మనుషులు కాదు, అక్కడి యంత్రమే. దరఖాస్తుతో ఆమె పంపిన సోనాయి రికార్డింగులన్నీ విని ఆ భాష నేర్చేసుకుంది.

"పొద్దున ఏం తిన్నావు?" అని ఆ భాషలోనే అడిగింది.

హైమవతి కుర్చీని యంత్రం దగ్గరికి జరుపుకుంది. తరువాత ఇడ్లీ తిన్నానని చెప్పింది. సోనాయి చివరి రోజుల గురించి, ఆమె పోయాక తన ఇంట్లో నిశ్శబ్దం గురించి గంటసేపు చెప్పింది. యంత్రం మధ్యమధ్యలో ఊ కొట్టింది.

వారం తరువాత ఆఫీసు గుమాస్తా చెంగల్రాయుడు ఫోన్ చేశాడు.

"ఉద్యోగం మీకే వచ్చిండాది మేడం."

"చేరాక ఆ యంత్రంతో మాట్లాడొచ్చాండీ?"

"అది ఇంటర్వ్యూలకే మేడం."

"మరి విద్యార్థులు?"

"ఈ ఏడు ఎవురూ చేరలేదు. మీకు గది మాత్రం ఇస్తారు."

చేరాల్సిన తేదీ వచ్చింది, పోయింది. కర్నూలులో ఒక ఖాళీ ఉందని, అక్కడా ఇంటర్వ్యూ యంత్రమే చేస్తుందని తెలిసి, హైమవతి దరఖాస్తు నింపడానికి కూర్చుంది.