అడక్కుండా అనుకోవడం

సారు లోపలికి రాగానే పదిహేడు మందీ లేచి నిలబడ్డారు.

తెల్ల చొక్కా, నీలం టై, మెరిసే నల్ల బూట్లు. చేతిలో మడిచిన కాగితం. ఆయన గదంతా ఒకసారి కలయజూసి, కాగితం జేబులో పెట్టుకుని, "గుడ్ ఈవెనింగ్. ప్లీజ్ సిట్" అన్నాడు.

పదిహేడు మందీ కూర్చున్నారు.

అది 2003. బెంగళూరు పక్కన చందాపురలో, బేకరీ మేడ మీద ఓబళప్ప నడిపే టైపు ఇన్‌స్టిట్యూట్‌ను కంప్యూటర్లు మింగేశాయి. ఆయన ఏడుస్తూ కూర్చోకుండా బోర్డు మార్పించాడు: అరవై రోజుల్లో ఇంగ్లీషు. చేరదలచినవాళ్ళు కింద బేకరీలో దరఖాస్తు తీసుకుని, నింపి, పైన సారుకు ఇవ్వాలి. మడివాళలోని స్నేహితుడు కుదిరితే పంపిస్తానన్న సారు ఇంత హుందాగా ఉంటాడని ఓబళప్ప కలలో కూడా అనుకోలేదు. పేరు ప్రభుదాసు అని విన్నాక ఇంకా ధైర్యం వచ్చింది. చర్చికి వెళ్ళేవాళ్ళకు ఇంగ్లీషు ఉగ్గుపాలతోనే వచ్చేస్తుందని ఆయన గట్టి నమ్మకం.

ముందు బెంచీలో పుల్లయ్య కూర్చునేవాడు. బొమ్మసంద్రలో ఒక బేరింగుల ఫ్యాక్టరీలో పదకొండేళ్ళుగా హెల్పరు. మెషీను చప్పుడు విని జబ్బేమిటో చెప్పగలడు. సూపర్‌వైజరు ఇంటర్వ్యూకి మూడుసార్లు వెళ్ళాడు. మూడుసార్లూ మేనేజరు ఇంగ్లీషులో అడిగాడు, పుల్లయ్య తెలుగులో చెమటలు కక్కాడు. నలభై అయిదు నిండితే ఇక పిలవరు. మార్చిలో నిండుతాయి.

"ఈ తూరి తప్పితే సచ్చేదాకా హెల్పరే సార్" అన్నాడు మొదటి రోజే.

సారు చొక్కా జేబు తడుముకుని, "తప్పదులేప్పా. నేనుండాను గదా" అన్నాడు.

ఆయన చెప్పే పద్ధతే వేరు. 'అప్', 'డౌన్' అనే రెండు మాటల మీద వారం రోజులు పాఠం చెప్పాడు. ఎవరికీ విసుగు రాలేదు. తర్వాత వారం మర్యాదలు: ఆఫ్టర్ యూ సర్, మైండ్ యువర్ స్టెప్ మేడమ్. ఏ సందేహం అడిగినా అప్పటికప్పుడు చెప్పేవాడు కాదు. "రేపు" అనేవాడు. మర్నాడు ఒక్కో ప్రశ్నకు మూడేసి జవాబులు తెచ్చేవాడు. జీతం మాట ఎత్తితే కోర్సు అయ్యాక చూద్దామనేవాడు. ఇలాంటి గురువులు ఇంకా ఉన్నారా అని ఓబళప్ప బేకరీలో అందరికీ చెప్పుకుని మురిసిపోయాడు.

నలభయ్యో రోజు సొన్నమ్మ లేచింది. గార్మెంట్స్‌లో కాలర్లు కుడుతుంది.

"సార్, మా సూపర్‌వైజరు మాటకు ముందు 'డోంట్ అస్యూమ్' అంటాడు. అది తిట్టా, మంచి మాటా?"

"రేపు."

మర్నాడు బోర్డు మీద మూడు అర్థాలు రాశాడు. ఒకటి, అడక్కుండా అనుకోవడం. రెండు, బాధ్యత తీసుకోవడం. "అసోసియేషన్‌కు కొత్త సెక్రటరీ వస్తే, అస్యూమ్డ్ ఛార్జ్ అంటారు." మూడు, లేనిది ఉన్నట్టు కనబడడం.

"మూడోదానికి ఉదాహరణ సార్?"

"మళ్ళీ చెప్తా" అని బోర్డు తుడిచేశాడు. తుడిచాక ఇటు తిరిగి, "రెండోది కావాల. మొదటిది వద్దు. ఏదన్నా సరే, అడగండి. అడిగితే పోయేదేముండాది?" అన్నాడు.

పుల్లయ్య ఆ ముక్క నోట్‌బుక్కులో రాసుకుని కింద రెండు గీతలు గీశాడు.

ఫిబ్రవరిలో ఇంటర్వ్యూ వచ్చింది. మేనేజరు తల ఎత్తకుండా అడిగాడు. "అస్యూమ్, ది ఆపరేటర్ ఈజ్ నాట్ దేర్. మెషీన్ ఆగి ఉంది. వాట్ విల్ యూ డూ?"

పుల్లయ్యకు బోర్డు గుర్తొచ్చింది. నీలం టై గుర్తొచ్చింది.

"నో అస్యూమ్ సర్. ఫస్ట్ ఐ ఆస్క్, వేర్ ఈజ్ ఆపరేటర్? దెన్ ఐ అస్యూమ్ ఛార్జ్."

మేనేజరు తల ఎత్తాడు. మెషీను లోపల ఎవరూ లేరనుకుని ఎవరో స్విచ్చి వేస్తే, కిందటి నెలే ఫ్యాక్టరీలో ఒక మనిషికి రెండు వేళ్ళు పోయాయి. ఆయన పెన్ను మూత తీసి ప్రమోషను కాగితం మీద సంతకం పెట్టాడు.

అరవయ్యో రోజు పుల్లయ్య కిలో మైసూరుపాకుతో మెట్లెక్కాడు. ఓబళప్ప పూలదండ తెచ్చాడు. సొన్నమ్మ ఏడ్చేసింది. దండ మెడలో పడుతుంటే సారు తల దించుకున్నాడు. వినయం అనుకున్నారు అందరూ.

పుల్లయ్య చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"సార్, మీరు లేకపోతే నేను లేను. ఒక్క మాట. అడక్కుండా అనుకోవద్దంటిరి గదా, అందుకే అడుగుతాండా. ఇంత ఇంగ్లీషు మీరు యాడ నేర్చుకొంటిరి సార్?"

ప్రభుదాసు కళ్ళు చెమర్చాయి.

"అరవై దినాల్నుంచి ఎవురన్నా అడుగుతారేమోనని చూస్తాండానప్పా" అన్నాడు.

చొక్కా జేబులోంచి మడతలు నలిగిన కాగితం తీసి పుల్లయ్య చేతిలో పెట్టాడు. పుల్లయ్య కూడబలుక్కుంటూ పైకి చదివాడు.

"అరవై రోజుల్లో ఇంగ్లీషు, చేరువారి దరఖాస్తు, పేరు: ప్రభుదాసు, పని: అపార్ట్‌మెంట్‌లో లిఫ్ట్ ఆపరేటర్, హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్, ఇంగ్లీషు వచ్చునా: రాదు."