పరామర్శ

"పరలోకం గురించినవి వద్దు సాయిబుగారూ. ప్రభువు పుట్టిన యూదుల ఆచారాలు రాసిన పుస్తకం ఉందేటి?" అంది ఎస్తేరమ్మ.

అనకాపల్లి బజార్లో పాత పుస్తకాలమ్మే నాగూర్ మీరా ఒకటి వెతికిచ్చాడు. "ఇప్పుడదెందుకమ్మా?"

"మొన్న మశూచికంతో నా కొడుకు పోయేడు. ఏడిస్తే విశ్వాసం లేనట్టేనన్నారు పాస్టరుగారు. ఏడవకుండా పాటలు పాడేను."

పేజీలు తిప్పుతూ ఒకచోట ఆగి, పైకే చదివింది. చావు జరిగిన ఇంట్లో యూదులు బట్ట చింపుకుని నేలమీద కూర్చుంటారట. పరామర్శకొచ్చినవాళ్ళు, ఆ ఇంటివాళ్ళు పలికేదాకా నోరు విప్పరట.

"అయితే ప్రభువు పోయిన్నాడు ఆయన తల్లి కూడా ఇలాగే కూకుని ఉంటాది," అంటూ ఎస్తేరమ్మ కొట్టు ముందే కూలబడింది. పైటచెంగు పర్రున చింపుకుంది.

మీరా బల్ల దిగొచ్చి ఆమె ఎదురుగా నేలమీద కూర్చున్నాడు. బేరానికొచ్చినవాళ్ళని చేత్తోనే పొమ్మన్నాడు.

చాలాసేపటికి ఎస్తేరమ్మే అంది.

"ఆడి పేరు బెన్యామీను."