ఆరో స్విచ్చి

ముసలాయనను పక్కకు జరగమని జడ్సన్ చెప్పడం అది మూడోసారి.

ఈసారి జరగాలంటే ఎండ తప్ప చోటు లేదు. ఆయన నవ్వుతూ ఎండలోకే జరిగాడు. రెండు నిమిషాలకు మళ్లీ వచ్చాడు.

దొరవారిసత్రం రోడ్డు పక్కన జడ్సన్ షెడ్డు. బండ్లకు కరెంటు పని చేస్తాడు. ఆ పొద్దున వచ్చింది ఒక పాత జీపు. రోగులను ఆసుపత్రికి చేర్చడానికి పులికాట్ సరస్సు ఒడ్డు పల్లెల వాళ్లంతా కలిసి కొన్నారు. వాన పడితే ఆ దారిలోకి అంబులెన్సు రాదు. బురదలో పోవాలంటే నాలుగు చక్రాలూ లాగే ఇలాంటి జీపే గతి.

రేపు ప్రార్థన చేసి దాన్ని మొదలుపెడతారు. జీపు నడిపే క్రీస్తుదాసు బండిని అప్పగించి, మధ్యాహ్నానికల్లా కావాలని చెప్పి, మందుల పెట్టె కొనడానికి నాయుడుపేట బస్సెక్కాడు.

బ్యాటరీ నుంచి వేరే తీగ లాగి, ఫ్యూజులు పెట్టి, స్టీరింగు పక్కన ఆరు స్విచ్చిల పెట్టె బిగించాలి. జడ్సన్‌కు అలాంటి పెట్టె ఇదే మొదటిది. రేపు నాలుగు ఊళ్ల జనం చూస్తారు. పేరొస్తే ఇక తిరుగుండదు.

పైన పెద్ద లైటు, ఫాగ్ లైట్లు, సైరను, దిగబడితే లాగే మోటారు, గాలి కొట్టే మోటారు. ఐదు స్విచ్చిలకు పని కుదిరింది. ఆరోది నీ ఇష్టమన్నాడు క్రీస్తుదాసు. జడ్సన్ ఇష్టం అప్పటికే డబ్బాలో సిద్ధంగా ఉంది. బండి కింద చుట్టూ వెలిగే నీలం లైట్ల పట్టీ.

చిక్కంతా జీపు వెనకనుంచి దిగిన ఈ ముసలాయనతోనే. ఊరికే ఎక్కి వచ్చిన బాపతనుకున్నాడు జడ్సన్.

"ఆరోది దేనికి నాయనా?"

"నీలం లైట్లకు. రేపు చూడు తాతా, బండి గాల్లో తేలినట్టుంటాది."

"వెనకపక్క లోపల లైటే లేదే."

"పడుకునేటోళ్లకు లైటెందుకు?"

"వాళ్లకే కావాల నాయనా."

జడ్సన్‌కు ఒళ్లు మండింది. పని చేసేవాడికి లేని బాధ చూసేవాడికెందుకన్నాడు.

ముసలాయన జీపు వెనక ఎక్కి, టార్పాలిన్ కిందికి దించి, ఒక్కసారి లోపలికి రమ్మన్నాడు. వదిలించుకుందామని జడ్సన్ ఎక్కాడు. బయట మిట్టమధ్యాహ్నం. లోపల కన్ను పొడుచుకున్నా కనపడదు. జేబులోంచి స్క్రూ జారి పడింది. వంగి వెతికాడు. తల సీటుకు కొట్టుకుంది. చేతికి దొరికింది ముసలాయన కాలి బొటనవేలు.

"స్క్రూ దొరకడానికే ఇన్ని పాట్లు పడాల్సొచ్చెనే," అన్నాడాయన నిదానంగా.

ఇద్దరికీ నవ్వాగలేదు.

నీలం పట్టీ డబ్బాలోకి పోయింది. ఆరో స్విచ్చి నొక్కగానే జీపు లోపలంతా తెల్లగా వెలిగింది. ముసలాయన వేశాడు, ఆర్పాడు, మళ్లీ వేశాడు. పసివాడు కూడా అంత సంబరపడడు.

క్రీస్తుదాసు తిరిగొచ్చి ఆరూ నొక్కి చూసుకుని, జడ్సన్ భుజం తట్టాడు. మాల్యాద్రన్నా ఎక్కు అని ముసలాయనను పిలిచాడు. సైరను మోగించుకుంటూ జీపు వెళ్లిపోయింది.

అన్నం క్యారేజీతో తల్లి ఎస్తేరమ్మ వచ్చేసరికి జడ్సన్ మంచి హుషారుగా ఉన్నాడు. తింటూ ముసలాయన సతాయింపంతా చెప్పి నవ్వించాడు. చివర మాల్యాద్రి అన్న పేరు వినగానే ఎస్తేరమ్మ వడ్డించడం ఆపేసింది.

"ఎద్దుల బండి తోలే మాల్యాద్రన్నా? ఆయనకు మంచినీళ్లన్నా ఇచ్చినావా?"

జడ్సన్ తల వంచుకున్నాడు. ఆయనను ఎండలో నిలబెట్టింది గుర్తొచ్చింది.

"ఎవురమ్మా ఆయన?"

ఎస్తేరమ్మ కళ్లు తుడుచుకుని నవ్వింది. కాన్పుకు పులికాట్ ఒడ్డున పుట్టింటికి పోయినప్పుడు నొప్పులొస్తే ఆయన ఎద్దుల బండిలోనే ఆసుపత్రికి బయల్దేరిందట. సగం దారిలో బండి బురదలో దిగబడింది, లాంతరు గాలికి ఆరిపోయింది.

"పురుడు పోసే మీ అమ్మమ్మకు తన చెయ్యే తనకు కనపడలా," అంది. "ఆయన మొహం అటు తిప్పుకోని, చెయ్యి మాత్రం లోపలికి పెట్టి, ఒకటెనక ఒకటి అగ్గిపుల్ల గీస్తానే ఉన్నాడు, వేళ్లు కాలినా ఆపలా. ఈ లోకానికొచ్చి నువ్వు మొదట చూసిన వెలుతురు అదే అబ్బయా."