బెల్లాన్ని వదిలే చోటు

పొద్దున పాలమ్మి లాలి పోసిన పాలు ఉట్టి మీద గిన్నెలో లేవు. ఉట్టి కింద బెల్లం కూర్చుని మూతి తుడుచుకుంటోంది.

బెల్లం అంటే పిల్లి. రంగును బట్టి పెట్టిన పేరు. పాల్వంచకు కాపురానికి వచ్చేటప్పుడు నిర్మలాదేవి పుట్టింటి నుంచి తెచ్చుకున్న సామానులో ప్రాణమున్నది అదొక్కటే.

"ఇక నా వల్ల కాదు" అంది అత్తగారు సుబ్బరత్నం. "రేపు ఆదివారం దీన్ని దూరంగా వదిలేసి రండి. లేదంటే వేంసూరులో కూతురి దగ్గరికి నేనే వెళ్లిపోతాను."

ఈ మాట కొడుకు వెంకటనారాయణతో అంది. అతనిది ఎరువుల కొట్టు. వారానికి ఏడు రోజులూ తెరిచే ఉంటుంది. పెళ్లయిన మర్నాడు కూడా తెరిచాడు. పద్నాలుగు నెలలైంది, గంట ప్రయాణం దూరంలో ఉన్న భద్రాచలం నిర్మల ఇంకా చూడలేదు.

"మరి కొట్టు..." అన్నాడు.

"ఒక్కరోజు మూస్తే ఎవరి పైరూ ఎండిపోదులే."

నిర్మల కళ్లు తుడుచుకుంటూ బుట్ట తెచ్చింది.

సుబ్బరత్నం జాగ్రత్తలన్నీ చెప్పింది. పిల్లి ప్రాణానికి ముప్పు రాకూడదు. పిల్లిని చంపితే బంగారు పిల్లిని చేయించి దానమివ్వాలి, అంత బంగారం ఇంట్లో లేదు. కాబట్టి వదిలే చోట కుక్కలుండకూడదు. నీళ్లుండాలి, నీడుండాలి. అలాంటి చోటు దొరికేదాకా తిరగాలి. తాడు మెడకు కడితే ఉరి పడుతుంది, పొట్ట చుట్టూ కట్టాలి. వాడి చేతికిస్తే రక్కుతుంది గనుక కోడలు కూడా వెళ్లాలి. బుట్టలో తన పాత చీర మడతపెట్టి పరిచింది. ఆకలేసి ఎక్కడంటే అక్కడ వదిలేసి వచ్చేస్తారని పులిహోర కూడా కట్టిచ్చింది.

మొదటి ఆదివారం కిన్నెరసాని వెళ్లారు. బెల్లం గడ్డి వాసన చూసింది. ఒక తూనీగను తరిమి, పట్టుకోలేక, పట్టుకునే ఉద్దేశం లేనట్టు కూర్చుంది.

"నీళ్లలో మొసళ్లున్నాయటండీ" అంది నిర్మల.

వెంకటనారాయణ గడియారం చూసుకున్నాడు. "సరే, బుట్టలో వెయ్యి. ఇంకెక్కడైనా చూద్దాం. అమ్మతో అనకు."

సాయంత్రం బుట్ట మీద తువ్వాలు కప్పి, పెరటి గుమ్మంలోంచి లోపలికి చేర్చారు. తెల్లారి సుబ్బరత్నం ముక్కున వేలేసుకుంది.

"అంత దూరం నడిచొచ్చిందిటే?"

"పిల్లులకు దారి బాగా గుర్తుంటుందట అత్తయ్యా."

మళ్ళీ శనివారానికి పాలగిన్నె ఖాళీ. గోదారి దాటిస్తే ఇక తిరిగి రాలేదని తేల్చింది సుబ్బరత్నం. రెండో ఆదివారం భద్రాచలం బస్సెక్కారు. కండక్టర్ బుట్ట దగ్గర ఆగాడు.

"బుట్టల ఏముందమ్మా?"

"పాలు."

"పాలు మ్యావ్ అంటున్నయేంది?"

"తాగేసిందిగా మరి" అంది నిర్మల.

కండక్టర్ నవ్వుకుంటూ బెల్లానికి లగేజీ టికెట్టు కొట్టాడు.

గోదావరి ఒడ్డున కుక్కలున్నాయి. ఈసారి ముందు చూసింది వెంకటనారాయణే. బుట్ట నెత్తిన పెట్టుకుని రెండేసి మెట్లెక్కాడు. బెల్లాన్ని ఒకరు పట్టుకుంటే ఇంకొకరు, వంతులవారీగా దర్శనం చేసుకున్నారు.

"గోదారి ఈదొచ్చిందిటే?" అంది మర్నాడు సుబ్బరత్నం.

మూడో ఆదివారం పర్ణశాల. వాగులో రాళ్ల మీద బెల్లం జారుతుందేమోనని వెంకటనారాయణ తాడు పట్టుకున్నాడు. తాడు నిర్మల చేతిలో ఉంది కాబట్టి చెయ్యి కూడా పట్టుకోవలసి వచ్చింది. వాగు దాటాక వదలడం మర్చిపోయాడు.

అక్కడ కుక్కల్లేవు. మొసళ్లు లేవు. నీళ్లున్నాయి, నీడుంది. ఏ లోపమూ కనిపించక ఇద్దరూ చాలాసేపు వెతికారు. చివరికి "ఆ చెట్టు మీద కోతులు చూశావా" అన్నాడు వెంకటనారాయణ.

చెట్టు మీద ఉన్నది ఒక్క కోతి. అదీ నిద్రపోతోంది.

ఇంట్లో మళ్ళీ బెల్లాన్ని చూసేసరికి సుబ్బరత్నం పెట్టె తీసి మంచం మీద పెట్టింది. "ఇదే ఆఖరు. మళ్ళీ పాలు ముట్టిందో, వచ్చే ఆదివారం లాంచీలో పాపికొండల దాకా తీసుకెళ్లి వదిలి రండి. అప్పుడూ తిరిగొస్తే నేను వేంసూరు బస్సెక్కుతా."

"నిజంగా వదిలేస్తారా?" అని నిర్మల భర్తను అడిగింది.

అతను బెల్లం వైపు చూశాడు. పెట్టె వైపు చూశాడు. "అమ్మ వెళ్లిపోతానంటోంది కదా నిర్మలా" అన్నాడు నెమ్మదిగా.

నిర్మల ఆలోచించింది. పాలు తాగితేనే కదా వదిలెయ్యడం. ఆ శనివారం పొద్దున్నే బెల్లానికి గొంతుదాకా చేప ముక్కలు పెట్టింది. లాలి పోసిన పాలన్నీ బీరువాలో పెట్టి తాళం వేసి, తాళంచెవి కొంగున ముడేసుకుంది. నిశ్చింతగా భర్తకు క్యారేజీ తీసుకుని కొట్టుకు వెళ్లింది.

క్యాన్‌లో మిగిలిన పాలతో తిరిగి తండాకు పోతున్న లాలిని సుబ్బరత్నం పెరటి గుమ్మంలోంచి చెయ్యూపి పిలిచింది. అరసేరు పోయించుకుంది. గిన్నె తీసుకెళ్లి బెల్లం ముందు పెట్టింది.

బెల్లం మొహం తిప్పుకుంది. గిన్నెను అటువైపు జరిపింది సుబ్బరత్నం. బెల్లం ఇటు తిప్పుకుంది.

"గిదేందమ్మా" అంది లాలి. "పిల్లి పాలు తాగుతున్నదని మొత్తుకునేది నువ్వే, పోసేది నువ్వేనా?"

"మెల్లగా అనవే లాలీ, ఇది తాగలేదంటే రేపు మావాడు మళ్ళీ కొట్టు తెరుస్తాడు."